ఇన్‌స్పెక్టరు కూర్చున్న గూడు

గూళ్ళత్త ఎడమచేతి బొటనవేలితో తీగ కొసను అదిమిపట్టి, కుడిచేతిలోని కటింగ్ ప్లేయరుతో మెలిక తిప్పింది. తీగ బిగిసింది. మిగిలిన ముక్కను కత్తిరించి, కొసను బయటివైపుకు వంచి, వంచినచోట వేలితో తడిమి చూసింది. గీసుకోలేదు. తలుపును రెండుసార్లు తెరిచి మూసింది. ఇప్పుడది ఒరగడం లేదు.

పాత గూడు అది. తలుపు ఒక పక్కకు జారిపోయి, అడుగున ఉన్న చెక్క ఒక మూల కొరికేసి ఉంటే, బేకరీ ఆయన పొద్దున్నే తెచ్చి షెడ్డులో దించి వెళ్ళాడు. ఎవరి దగ్గరో పాతది కొన్నాడట. వాళ్ళ పాప కోసం తెచ్చిన రెండు కుందేలు పిల్లలు ఇంట్లో అట్టపెట్టెను నమిలేస్తున్నాయని, సాయంత్రానికల్లా గూడు కావాలని ఒకటే తొందర. గూళ్ళత్త దాన్ని సబ్బునీళ్ళతో కడిగి, ఎండబెట్టి, మధ్యాహ్నానికి పని ముగించింది. ఇక మిగిలింది పరీక్ష.

ఆ వీధిలో ఆవిడకు అసలు పేరొకటి ఉందన్న సంగతే చాలామంది మరిచిపోయారు. ఒకప్పుడు బల్బుల ఫ్యాక్టరీలో పెట్టెలు కట్టేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, చెత్తకుప్ప పక్కన ఎవరో పారేసిన చిలక గూడొకటి తెచ్చి, తీగ తీగా ఊడదీసి, మళ్ళీ అల్లింది. మొదటిసారి అది గూడులా కాక పిచ్చుక గుడిసెలా వచ్చింది. నాలుగోసారికి గూడులా వచ్చింది. ఎవరూ నేర్పలేదు. ఎవరైనా వచ్చి గూళ్ళ గురించి ఉపన్యాసం మొదలుపెడితే, "మాటలు ఎవరైనా అల్లుతారు నాయనా, తీగ అల్లు చూద్దాం" అని ప్లేయరు చేతికిచ్చేది. ఆ తర్వాత ఉపన్యాసం ఉండేది కాదు.

పరీక్ష మాత్రం ఆవిడ చేసేది కాదు. ఆవిడ పెంచుకునే బూడిదరంగు కుందేలు చేసేది. గూడు పూర్తికాగానే దాన్ని అందులో వదిలేది. మనిషి కంటికి కనబడనిది కుందేలు ముక్కుకు, పళ్ళకు తెలుస్తుంది. ఎక్కడైనా తీగ వదులుగా ఉంటే పట్టి లాగుతుంది. అడుగు కదిలితే వెనకకాలితో టపటపా కొడుతుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఓ మూల చూసుకుని, కాళ్ళు బారజాపి పడుకుంటుంది. అది పడుకుంటేనే గూడు గడప దాటేది. అందుకే దానికి ఇన్‌స్పెక్టరు అని పేరు పడింది. గూడు కొనేవాళ్ళు తీగ చూడరు, తలుపు చూడరు. "ఇన్‌స్పెక్టరు కూర్చుందా అత్తా?" అని అడిగి, కూర్చుందంటే మోసుకుపోతారు.

ఆ మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు గూడంతా తిరిగింది. కొరికేసిన మూల దగ్గర ఎక్కువసేపు ఆగి వాసన చూసింది. చెక్కను కాస్త గీకింది. ఇదివరకు ఉన్నవాటి వాసన కాబోలు అనుకుంది గూళ్ళత్త. కాసేపటికి అది కాళ్ళు జాపింది.

అప్పుడే ఇనుప కొట్టాయన కొత్త జాలీ చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. చుట్ట దించి, చెమట తుడుచుకుంటూ గూటి వంక చూశాడు.

"ఇది టైలరు వాళ్ళ గూడు కదూ? ఈ నీలం కొక్కెం నేనే అమ్మాను."

"ఏమో. బేకరీ ఆయన తెచ్చాడు. అయితే ఏంటి?"

"అయితే ఏంటంటావేంటత్తా! వాళ్ళ కుందేళ్ళు రెండూ పోయాయిగా. సాయంత్రం దాకా గంతులేశాయట. పొద్దున చూస్తే కట్టెల్లా పడున్నాయి. ముక్కుల దగ్గర నెత్తురు. ఆ ఇంటావిడ నా కొట్లో కూర్చుని ఒకటే ఏడుపు."

"ఎప్పుడు?"

"మొన్నమొన్ననే. వెనక సందులో ఇంకొకరింట్లోనూ అంతేనట. ఏదో రోగం తిరుగుతోందంటున్నారు. నాకేం తెలుసు తల్లీ, నాకు తెలిసిన రోగం తుప్పొక్కటే."

తన హాస్యానికి తనే నవ్వి, నవ్వు అందుకునేవాళ్ళు లేకపోయేసరికి ఆపేశాడు.

గూట్లో ఇన్‌స్పెక్టరు లేచి కూర్చుంది. ముందుకాళ్ళు రెండూ నాకి, వాటితో మొహం తుడుచుకుంటోంది. ఆ కాళ్ళతోనే ఇందాక ఆ చెక్క గీకింది. 

గూళ్ళత్త గబగబా ఇంటివైపు నడిచి, గడప ముందు టక్కున ఆగిపోయింది. తన చేతులు చూసుకుంది. చీర కుచ్చిళ్ళు చూసుకుంది. చెప్పులు చూసుకుంది. పొద్దుటినుంచి ఆ గూటిని ఒళ్ళో పెట్టుకుని పనిచేసిన మనిషి తను. లోపల రెండో కుందేలుంది, దూది. అదృష్టం బాగుండి ఆ గూడు వచ్చాక ఇంట్లోకి వెళ్ళనే లేదు. అన్నం కూడా షెడ్డులోనే తిన్నది.

"వదినా! దూది ఎక్కడుంది?"

వంటింటి కిటికీ దగ్గరకు వదిన వచ్చింది. చనిపోయిన భర్తకు అక్క. తమ్ముడు పోయాక కూడా, తనకంటూ ఎవరూ లేక, ఈ ఇంట్లోనే మరదలికి తోడుగా ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరు గూళ్ళత్తది, దూది వదినది. పగలు ఎవరిది వాళ్ళ దగ్గర ఉన్నా, పడుకునేటప్పుడు రెండు కుందేళ్ళూ ఒకదానికొకటి ఆనుకునే పడుకుంటాయి.

"నా ఒళ్ళోనే ఉంది. ఎక్కడుంటుంది, ఆఫీసుకెళ్ళిందా?"

"తలుపు గడియ పెట్టు. నేను లోపలికి రావట్లేదు."

"అలిగావా? ఇవాళ నేనింకా ఏమీ అననే లేదే!"

గూళ్ళత్త చెప్పింది. వదిన చెయ్యి దూది వీపుమీద అలాగే ఆగిపోయింది.

పశువుల డాక్టరమ్మ ఈ మాట ఎప్పటినుంచో చెబుతోంది. గోళ్ళు కత్తిరించడానికి తీసుకెళ్ళినప్పుడల్లా, "వీటికి టీకాలు వేయించెయ్యండి, కుందేళ్ళ రోగాలు వస్తే మందులుండవు" అనేది. ఇంటికొచ్చాక వదిన కొట్టిపారేసేది. గడప దాటనివాటికి రోగమెక్కడిది, ఉత్తపుణ్యాన సూది పొడిపించుకోవడం తప్ప అనేది. గూళ్ళత్తకూ ఆ మాట సబబుగానే తోచేది. చూద్దాంలే అని పని చూసుకునేది. అలా చూద్దాం చూద్దాం అంటూనే ఇంతదాకా వచ్చారు.

షెడ్డులో ఉన్న ఫోను తీసి డాక్టరమ్మకు చేసింది. వదినకు వినబడేలా కిటికీ దగ్గరగా, కానీ తాకకుండా, చెయ్యి చాచి పట్టుకుంది.

డాక్టరమ్మ అంతా విని, మొదట అడిగింది ఒకటే. "ఆ గూటిని ముట్టుకున్నాక మీరు ఇంట్లోకి వెళ్ళారా?"

"లేదమ్మా."

"వెళ్ళకండి. అది మనుషులకు రాదు. కానీ మనుషుల చేతులమీద, బట్టలమీద, చెప్పులమీద వస్తుంది. గూటిని అంటుకుంటే నెలల తరబడి ఉంటుంది, సబ్బునీళ్ళకు పోదు. దూదికి ఇంకా తగల్లేదు కాబట్టి ఇవాళే టీకా వేస్తే మంచిది. పనిచెయ్యడానికి వారం పడుతుంది, ఆ వారమంతా దూరంగా ఉంచాలి."

"మరి ఇన్‌స్పెక్టరుకు?"

"ఇప్పటికే లోపలికి పోయుంటే టీకా ఆపలేకపోవచ్చు. పోకపోతే ఇకముందు కాపాడుతుంది. ఈ రెంటిలో ఏదో నేను చెప్పలేనమ్మా. జ్వరం లేకపోతే వేస్తాను."

కిటికీలోంచి వదిన గొంతు వచ్చింది. "సూది వేస్తే ఏమీ కాదని రాసిస్తారా?"

"రాసివ్వలేను. చాలావాటికి ఒకటి రెండు రోజులు నలతగా ఉండి తగ్గిపోతుంది. అరుదుగా ఎక్కువ కావచ్చు. ఇద్దరూ మాట్లాడుకుని చెప్పండి, క్లినిక్ కట్టేసి వస్తాను. కానీ ఆలస్యం చెయ్యకండి."

ఫోను పెట్టేశాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మధ్యలో కిటికీ ఊచలు.

"ఒద్దే," అంది వదిన. "మచ్చలదానికి ఏమైందో మర్చిపోయావా? పొద్దున సూది వేయించుకొచ్చాం, సాయంత్రానికి నా ఒళ్ళోనే చల్లబడిపోయింది. ఈ చేతుల్లో. నేను మళ్ళీ చూడలేను."

ఇదివరకు పెంచిన ఆ మచ్చల కుందేలు సూది వేయించకముందే తిండి మానేసింది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్దామంటే, అదే తగ్గుతుందిలే అని రోజులు జరిపింది వదినే. ఆ మాట గూళ్ళత్త నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన మాటను మింగేసింది.

"వదినా, గడప దాటనివాటికి రోగమెక్కడిదని నువ్వన్నావు, నేనూ తలూపాను. అవి దాటవు. దాటేది నేను. ఎవరింటి గూడైనా నా ఒళ్ళోకొచ్చే పోతుంది. దానికితోడు ఇన్‌స్పెక్టరును ప్రతిదాంట్లో నేనే కూర్చోబెడుతున్నాను. ఇన్నాళ్ళూ ఏమీ కాకపోవడమే వింత."

"అయితే?"

"అయితే ఏముంది. నాదానికి తగిలిందనుకో, సూది వేసినా పోతుంది, వెయ్యకపోయినా పోతుంది. తగల్లేదనుకో, వేస్తే నిలబడుతుంది. నేను వేయిస్తున్నాను. నీది నీ ఇష్టం. దాన్ని పట్టుకోవాల్సింది కూడా నువ్వే, నేను లోపలికి రాలేను."

"అంటే నా నెత్తినే పెడతావన్నమాట."

"నీ ఒళ్ళో ఉన్నదాన్ని నీ నెత్తిన కాక ఎవరి నెత్తిన పెట్టను?"

వదిన కిటికీ రెక్క ధడాలున మూసింది.

గూళ్ళత్త షెడ్డుకు తిరిగివచ్చి, ఇన్‌స్పెక్టరును గూట్లోంచి తీసి, మూలన ఒక ప్లాస్టిక్ తొట్టిలో పాత గోనె పరిచి అందులో కూర్చోబెట్టింది. తర్వాత ఆ నీలం కొక్కెం గూటిని విప్పడం మొదలుపెట్టింది. పొద్దుటినుంచి బిగించినవన్నీ ఒక్కొక్కటే వదులు చేసింది.

ఎండ వాలుతుండగా డాక్టరమ్మ స్కూటరు ఆగింది. చెప్పులమీద ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, ముందు ఇంటివైపు నడిచింది. ఆరోగ్యంగా ఉన్నదాన్ని ముట్టుకున్నాకే అనుమానం ఉన్నదాన్ని ముట్టుకోవాలట. తలుపు తట్టింది. జవాబు లేదు. మళ్ళీ తట్టింది. షెడ్డు ముందు నిలబడ్డ గూళ్ళత్త పిలవబోయి నోరు మూసుకుంది. పిలిస్తే వదిన పంతానికి పోతుందని తెలుసు.

గడియ చప్పుడైంది.

"చేతులు కడుక్కున్నారా డాక్టరమ్మా?" తలుపు సందులోంచి వదిన.

"మీ ముందే కడుక్కుంటాను."

"పట్టుకునేది నేనే. కానీ కళ్ళు మూసుకుంటాను."

"మూసుకోండి. నేను తెరిచే ఉంచుతాను."

కాసేపటికి డాక్టరమ్మ బయటకు వచ్చి షెడ్డుకు నడిచింది. ఇన్‌స్పెక్టరుకు జ్వరం చూసింది. లేదు. మెడ వెనక చర్మం పైకెత్తి సూది గుచ్చింది. అది కిక్కురుమనలేదు. "ఇప్పటికి బాగానే ఉంది," అంది డాక్టరమ్మ, 'ఇప్పటికి' అన్న మాట కాస్త ఒత్తి. చెక్కను కాల్చెయ్యమంది. తీగా జాలీ వాడొద్దంది. నేలంతా బ్లీచింగ్ నీళ్ళతో కడగమంది. గూళ్ళత్త షెడ్డులోనే ఉండాలి, పడక కూడా అక్కడే.

డాక్టరమ్మ అలా వెళ్ళగానే బేకరీ ఆయన వచ్చాడు. చొక్కాకింకా పిండి అంటుకునే ఉంది. ఊడదీసిన గూడు చూసి నోరు తెరిచాడు.

"బాగుచెయ్యమంటే పీకేశావేంటత్తా?"

"ఇందులో ఉన్నవి ఎలా పోయాయో నీకు తెలుసా?"

"వడదెబ్బ అన్నారు. పాపం, డాబామీద పెట్టారట."

"వడదెబ్బకు ముక్కులో నెత్తురొస్తుందా? నీ పిల్లల్ని ఇందులో వేసుంటే ఈ వారంలో నీ కూతురికి ఏం చెప్పేవాడివి?"

ఆయన మొహంమీది చిరాకు మెల్లగా దిగిపోయింది. "నేనిప్పుడేం చెయ్యాలి?"

"ముందు స్నానం చేసి బట్టలు మార్చుకో, అప్పటిదాకా వాటిని ముట్టుకోకు. పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళు. అట్టపెట్టెలు మార్చుకుంటూ ఉండు. నీకు కొత్త గూడు కడతాను. ఎప్పుడిస్తానో మాత్రం అడక్కు. నా మీద ఈ అనుమానం తీరాకే."

మర్నాడు ఇన్‌స్పెక్టరు తినలేదు.

తొట్టిలో ఒక మూలకు ఒదిగి, వీపు గూనిలా పెట్టుకుని, కళ్ళు సగం మూసి కూర్చుంది. గడ్డి ముక్కు ముందు పెడితే మొహం తిప్పుకుంది. సూది వల్ల వచ్చే నలత ఇలాగే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. రోగం మొదలైతే ఎలా ఉంటుందని అడిగితే, అదీ మొదట్లో ఇలాగే ఉంటుందని చెప్పింది.

కిటికీ తెరుచుకుంది. "నీది తిన్నదా?"

"లేదు. నీది?"

"లేదు."

ఆ మాట విని గూళ్ళత్తకు భయం తగ్గింది. తగ్గినందుకు సిగ్గు కూడా వేసింది. దూది ఆ గూటి గాలి కూడా పీల్చలేదు. అది కూడా తినడంలేదంటే ఇది సూది నలతే. రెండూ ఒకేలా ఉన్నంతసేపూ పరవాలేదు.

ఇంతలో వదిన మొహం చిట్లించింది. "నేను చెప్పానా? చెబితే విన్నావా? రెంటికీ తెచ్చిపెట్టావు," అంది. అని, కిటికీ గట్టుమీద అన్నం గిన్నె పెట్టి, చెయ్యి తగలకుండా వెనక్కు జరిగింది. తిట్టినంతసేపూ కళ్ళు తొట్టివైపే ఉన్నాయి.

గూళ్ళత్త కొత్త జాలీ చుట్ట జోలికి పోలేదు. ముందు షెడ్డు నేల కడిగింది, ఆరాక మళ్ళీ కడిగింది, పనిముట్లన్నీ బ్లీచింగ్ నీళ్ళలో నానేసింది. చెక్క కాల్చేసింది. అప్పుడు చుట్ట విప్పింది. చేతులకు పని ఉంటే కళ్ళు తొట్టివైపు తిరగవనుకుంది. కానీ ప్రతి మెలికకూ ఒకసారి తిరుగుతూనే ఉన్నాయి.

సాయంత్రం కిటికీలోంచి కేక వచ్చింది. "తింటోందే! దూది తింటోంది! కొత్తిమీర కట్టంతా లాగేసింది!"

గూళ్ళత్త ప్లేయరు కింద పెట్టి తొట్టి దగ్గర కూర్చుంది. ఇన్‌స్పెక్టరు అలాగే ఉంది.

"నీది?" అంది వదిన.

గూళ్ళత్త అది ముట్టని గడ్డిని పైకెత్తి చూపించింది. వదినకు అర్థమైంది. ఈసారి 'నేను చెప్పానా' అనలేదు. కిటికీ మూయలేదు కూడా. స్టూలు లాక్కుని అక్కడే కూర్చుంది.

డాక్టరమ్మ ఫోనులో, ఇన్‌స్పెక్టరుకు వయసైంది కదా, కోలుకోవడం ఆలస్యం కావచ్చు అంది. కాకపోనూవచ్చు అని కూడా అంది. కడుపు ఆగిపోకుండా చూడమంది. గూళ్ళత్త గడ్డిపొడి నీళ్ళలో కలిపి, సూది లేని సిరంజిలో నింపి, కుందేలును తుండులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, పళ్ళ పక్కనుంచి చుక్క చుక్కగా పట్టించింది. సగం గడ్డంమీదుగా కారిపోయింది. తుడిచి మళ్ళీ పట్టించింది.

"అలా కాదు, తల కాస్త కిందికి. పొరమారుతుంది," కిటికీలోంచి వదిన.

"నువ్వొచ్చి పట్టించు అయితే."

"రానిస్తే రానా! ముక్కు చూడవే. ముక్కు శుభ్రంగా ఉందా?"

"ఉంది."

"మళ్ళీ చూడు."

అలా ఎన్నిసార్లు చూసిందో. చూసిన ప్రతిసారీ ఎర్రచుక్క కనబడుతుందేమోనని వెలుతురుకు తిప్పి చూసింది. వదిన అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పింది. ఒకసారి అడక్కముందే చెప్పింది.

తెల్లవారి గూళ్ళత్తకు చప్పుడు వినబడి మెలకువ వచ్చింది. కూర్చునే కునికిందని తెలిసింది. గోనెను ఎవరో పరపరా లాగుతున్న చప్పుడు. ఇన్‌స్పెక్టరు తొట్టిలో అటు తిరిగి, గోనెపీచు పళ్ళతో పట్టి పీకుతోంది. వెనక గోనెమీద చిన్నచిన్న గుండ్రటి ఉండలు, మిరియాల్లా.

"వదినా! ఉండలు వేసింది!"

కిటికీ దగ్గర స్టూలుమీద గోడకు ఆనుకుని నిద్రపోతున్న వదిన ఉలిక్కిపడి లేచింది. "ఎన్ని? గట్టిగా ఉన్నాయా? గుండ్రంగా ఉన్నాయా?"

"నీ మొహంలా గుండ్రంగా ఉన్నాయి."

"పెంట చూసి ఇంత సంబరపడే కొంపలో పడ్డాను, నా ఖర్మ," అంది వదిన కళ్ళు ఒత్తుకుంటూ. తర్వాత చాలాసేపు కిటికీ దగ్గరే ఉండి, గడ్డి ఒక్కో పరకే విసిరింది.

డాక్టరమ్మ చెప్పిన గడువు దాటేదాకా గూళ్ళత్త గడప తొక్కలేదు. ఆలోగా వెనక సందులో ఇంకో ఇంట్లో కుందేళ్ళు పోయాయని ఇనుప కొట్టాయన వీధిలోనే నిలబడి కేకేసి చెప్పి, దగ్గరకు రాకుండా వెళ్ళిపోయాడు. గడువు తీరాక డాక్టరమ్మ వచ్చి రెంటినీ చూసి, ఇక కలపొచ్చు అంది.

"అయితే సూదే కాపాడిందంటారా?" అని అడిగింది వదిన.

"సూది కాపాడిందో, ఆ గూట్లో దీనికి తగిలేంత లేదో నాకు తెలియదమ్మా. టైలరు వాళ్ళు ఆ కుందేళ్ళను పరీక్షకు ఇవ్వకుండానే పాతిపెట్టేశారు."

"ఇంత చదివీ తెలియదంటారేంటి?"

"తెలియనిది తెలుసని చెబితే రేపు మీరే తిడతారు. వచ్చే ఏడు మళ్ళీ వెయ్యాలి, అది మాత్రం తెలుసు."

"వచ్చే ఏడు కూడా నేనే పట్టుకుంటాను," అంది వదిన. "కళ్ళు తెరవమంటే మాత్రం తెరవను."

ఆ మధ్యాహ్నం బేకరీ ఆయన మూడుచక్రాల బండి తోసుకుంటూ వచ్చాడు. షెడ్డు ముందు బల్లమీద కొత్త గూడు ఉంది. అడుగున చెక్క లేదు. కడగడానికి వీలుగా జారుడు పళ్ళెం ఉంది. దోమలు దూరకుండా పక్కలకు సన్న వల కూడా కుట్టి ఉంది. దోమకాటుతోనూ కుందేళ్ళకు ఒక రోగం వస్తుందని డాక్టరమ్మ చెబితే వేసింది.

ఆయన చుట్టూ తిరిగి చూసి, అలవాటు ప్రకారం అడిగాడు. "ఇన్‌స్పెక్టరు కూర్చుందా?"

"లేదు. ఇక ఏ గూట్లోనూ కూర్చోదు."

ఆయన తటపటాయించాడు. "మరి ఎలా తెలుస్తుంది అత్తా?"

గూళ్ళత్త చెయ్యి మోచేతిదాకా కడుక్కుని, తుడుచుకుని, గూట్లోకి పెట్టింది. ముంజేతి లోపలివైపు, మెత్తటిచోట, నాలుగు పక్కలా, మూలమూలనా, తలుపు అంచులమీదా ఒత్తి రాసింది. ఎక్కడా తొందరపడలేదు. తర్వాత చెయ్యి తీసి వెలుతురులో చూపించింది. ఒక్క గీత లేదు.

"నువ్వూ పెట్టు," అంది.

ఆయన పెట్టాడు. పిండిమరకల చెయ్యి లోపలంతా తిప్పి, బయటకు తీసి తలూపాడు.

"పిల్లలకు సూదులు వేయించావా?"

"వేయించాను. వాటికేం కాలేదు. నన్నే కరిచాయి." వేలికున్న కట్టు చూపించాడు.

"కొక్కెం పక్కకు లాగకు, పైకెత్తి లాగు. ఏదీ, ఒకసారి చెయ్యి."

ఆయన పైకెత్తి లాగాడు. తలుపు తెరుచుకుంది. మూశాడు. కొక్కెం టక్కుమని పడింది. గూళ్ళత్త ఒక వైపు, ఆయనొక వైపు పట్టుకుని గూటిని బండిమీదకు ఎత్తారు. తాడు రెండు చుట్లు తిప్పి ముడివేసి, ముడిని ఒకసారి గుంజి చూసి, ఆవిడ చెయ్యి తీసేసింది. ఆయన బండి తోసుకుపోయాడు.